బస్సు దిగేదాకా నీళ్లు తాగని పేషెంటు: రెక్టమ్ కేన్సర్‌లో ఆపరేషన్‌కు ముందు రేడియేషన్, ఒక కేసు

నేను తిరుపతిలో పేగుల సర్జన్ని. ఈ కేసులో ఆపరేషన్ చేసింది నేను, రేడియేషన్ ఇచ్చింది మా పక్క బ్లాకులోని రేడియేషన్ డాక్టర్ గారి టీమ్. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టకుండా ఊరి వివరాలు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

రెక్టమ్ అంటే మలద్వారానికి పైన ఉండే పెద్దపేగు చివరి భాగం. అక్కడి కేన్సర్ వరకే చూస్తే ఇది బాగా నడిచిన కేసు. గడ్డ తగ్గింది, అంచులు శుభ్రంగా వచ్చాయి, ఇంతవరకు తిరగబెట్టలేదు. అయినా ఫైలు తిరగేస్తే గడ్డ గురించి ఉన్న కాగితాలు పది కూడా ఉండవు. మిగతా లావంతా రేడియేషన్ తర్వాత వచ్చిన బాధలదే. వాటిలో సగం ముందే తెలిసేవి. మేం అడిగి ఉంటే.

ఎనిమిది నెలల ‘మొలలు’

ఆమెకు 46 ఏళ్లు. పాకాల వైపు పల్లె. రెండు జెర్సీ ఆవులు, ఎకరంన్నర శెనక్కాయల చేను. ఏడో తరగతి దాకా చదువుకుంది. భర్త మేస్త్రీ పని. కొడుకు శ్రీసిటీలో ఉద్యోగం, కూతురు డిగ్రీ చదువుతోంది.

విరేచనంలో రక్తం పడుతోందంటే మొదట వేడి చేసిందన్నారు. మజ్జిగ, సబ్జా గింజలు అయ్యాక మొలలన్నారు. ఆయింట్‌మెంట్లు, తర్వాత నాటుమందు. ఎనిమిది నెలలు గడిచాయి. ఇంతలో రోజుకు ఐదారు సార్లు వెళ్లాల్సి రావడం, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించడం, జిగట పడటం. మా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 8.4, బరువు 44 కిలోలు.

గ్లవ్ వేసుకుని మలద్వారంలో వేలితో చూస్తే ఆరు సెంటీమీటర్ల ఎత్తులో గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలింది. ఒక నిమిషం పట్టే పరీక్ష. ఈ ఎనిమిది నెలల్లో ఆమెను చూసిన ముగ్గురిలో ఒక్కరూ అది చేయలేదు. నలభై దాటినవాళ్లకు రక్తం పడుతుంటే, వేలు పెట్టి చూడకుండా ‘మొలలు’ అని రాసే చీటీ మీద నాకు చాలా కోపం ఉంది. ఇక్కడ దాన్ని పెంచను.

కొలనోస్కోపీలో ముక్క తీస్తే అడినోకార్సినోమా అనే కేన్సర్. సీటీలో లివర్, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఈ కేన్సర్‌లో రక్తంలో పెరిగే గుర్తు, సీఈఏ, 9.8. ఎమ్మారైలో గడ్డ రెక్టమ్ గోడ దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వచ్చింది, అంటే టీ3. రెండు లింఫ్ గ్రంథులు అనుమానంగా ఉన్నాయి. అసలు ఇబ్బంది ఇంకోటి. రెక్టమ్‌నీ దాని చుట్టూ కొవ్వునీ కలిపి ఒక పలచని పొర చుట్టి ఉంచుతుంది. సర్జన్ ఆ పొర బయట బయటే కోసుకుంటూ పోయి మొత్తాన్ని మూటలా తీయాలి. ఇంగ్లండ్‌లో బిల్ హీల్డ్ 1982లో చెప్పిన పద్ధతి ఇది, ఈ రోజుకీ ఈ ఆపరేషన్‌కు ఇదే ప్రాణం. ఈమె గడ్డ ఆ పొరకు ఒక్క మిల్లీమీటరు కూడా ఎడం లేకుండా ఉంది. అలాగే కోస్తే గడ్డ తాలూకు కణాలు లోపల మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. ముందు రేడియేషన్ ఇచ్చి గడ్డను వెనక్కి తగ్గించి, ఆ తర్వాత కోయాలని మీటింగ్‌లో తేల్చుకున్నాం.

ఆపరేషన్ అయ్యాక ఇవ్వొచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడిగారు. చాలామంది అడుగుతారు. జర్మనీలో ఈ రెండింటినీ పోల్చి 2004లో ఫలితాలు ప్రకటించారు. ముందు ఇచ్చినవాళ్లలో ఐదేళ్లలో కటి భాగంలో గడ్డ తిరగబెట్టింది 6 శాతం మందికి, తర్వాత ఇచ్చినవాళ్లలో 13 శాతానికి. తీవ్రమైన తక్షణ దుష్ప్రభావాలు ముందు ఇచ్చినవాళ్లలో 27 శాతం, తర్వాత ఇచ్చినవాళ్లలో 40. బతికున్నవాళ్ల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా లేదు. ముందు ఇవ్వడమే మేలని ఇంట్లోవాళ్లకు చెప్పాం. ఆ 27 శాతం కూడా నలుగురిలో ఒకరికి మించిన లెక్కేనన్నది అప్పుడు నా నోటి నుంచి రాలేదు.

ఆరోజు ఆమె అడిగింది ఒక్కటే: “సంచి పెడతారంట కదా సార్. బిడ్డ పెళ్లికి పీటల మీద కూసునే వీలుంటాదా?” ఉంటుందన్నాను. మలం పోయేందుకు పొట్ట మీద పెట్టే ఆ సంచి కొన్నాళ్లకే, మూడు నెలల్లో తీసేస్తామన్నాను.

పదిహేడో రోజు

ప్లాన్ అందరికీ ఇచ్చేదే. మొదట కటి భాగం మొత్తానికి 25 రోజుల్లో 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత), ఆ తర్వాత గడ్డకు మాత్రమే మూడు రోజుల్లో 5.4. మొత్తం 28 రోజులు, వారానికి ఐదు. రేడియేషన్ ఉన్న రోజుల్లో పొద్దున, సాయంత్రం కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు. ఆమె ఒడ్డూపొడుగుకు లెక్క కడితే పూటకు 1,150 మిల్లీగ్రాములు.

మా వైపు రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. కరెంటు అనగానే ఒళ్లు కాలుతుందనే భయం. బల్ల మీద పడుకున్న పది నిమిషాల్లో ఏమీ తెలియకపోయేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది. రెండు వారాలు ఏ ఇబ్బందీ చెప్పలేదు. వారం వారం చెకప్‌లో నర్సు “విరేచనాలు అవుతున్నాయా అక్కా?” అని అడిగితే “ఎప్పుడూ ఉండేవే కదమ్మా” అనేది. నర్సు కాగితం మీద ‘మార్పు లేదు’ అని రాసేది.

పదిహేడో రోజు తిరుపతి బస్టాండులో బస్సు దిగుతూ పడిపోయింది. ఎవరో ఆటోలో వేసి తీసుకొచ్చారు. బీపీ 84కి 50. నాలుక ఎండి అట్టలా ఉంది. పొటాషియం 2.6, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1. మొదలుపెట్టినప్పుడు 0.7 ఉన్నది అది. తెల్ల రక్తకణాలు 2,900. అప్పుడు గానీ కూర్చోబెట్టి సరిగ్గా అడగలేదు. వారం రోజులుగా పగలు పది, పన్నెండు సార్లు, రాత్రి నాలుగు సార్లు. నీళ్లలా. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. ఆపితే గడ్డ పెరుగుతుందేమోనని.

‘విరేచనాలు ఉన్నాయా’ అన్న ప్రశ్నే తప్పు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు అవి ముందునుంచీ ఉంటాయి. గడ్డ వల్ల వచ్చేది కొంచెం కొంచెంగా, జిగటగా, రక్తంతో. రేడియేషన్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తే వచ్చేది నీళ్లలా, రాత్రిపూట కూడా. ఎన్నిసార్లు, ఎలా, రాత్రి లేస్తున్నారా, మొదటిరోజుతో పోలిస్తే ఎంత పెరిగింది, ఇలా నాలుగు మాటల్లో అడగాలి. పైగా కాపెసిటబిన్ కూడా సొంతంగా విరేచనాలు తెస్తుంది. రెండూ కలిస్తే ఒకటికి రెండు తోడయినట్టు.

కాపెసిటబిన్ ఆపాం. సెలైన్, పొటాషియం. ఇన్ఫెక్షన్ కాదని తేల్చుకున్నాక విరేచనాలు ఆపే లోపెరమైడ్ మొదట రెండు మాత్రలు, తర్వాత విరేచనం అయిన ప్రతిసారీ ఒకటి, రోజుకు ఎనిమిది దాటకుండా. రెండు రోజులకూ తగ్గకపోతే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు రోజుకు మూడుసార్లు. ఇంటి నుంచి తెచ్చే పాలు ఆపించాం. చిన్నపేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెర అరగదు. పాల మీద బతికే ఇంట్లో బలానికని పూటకు గ్లాసుడు పాలు పోస్తున్నారు పాపం. గంజి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ, అరటిపండు. రేడియేషన్ ఐదు రోజులు ఆగింది.

అర లీటరు సీసా

ఇంత తీవ్రంగా ఎందుకు వచ్చిందన్నది మాకు అర్థం కాలేదు. ప్లాన్ చూస్తే చిన్నపేగుకు పడే డోసు హద్దులోనే ఉంది. అప్పుడు టెక్నాలజిస్ట్ ఒక మాట చెప్పాడు. “సార్, బల్ల మీద పడుకోబెట్టి తీసే స్కాన్‌లో ఈమె బ్లాడర్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది.”

రేడియేషన్ తీసుకునేవాళ్లను మూత్రసంచి నింపుకుని రమ్మంటాం. నిండిన సంచి చిన్నపేగుల్ని పైకి నెట్టి, కిరణాల దారిలోంచి తప్పిస్తుంది. ఖాళీగా ఉంటే పేగులు జారి సరిగ్గా గడ్డ పక్కకే వచ్చి కూర్చుంటాయి. ప్లానింగ్ రోజు ఆమె మూత్రసంచిలో ఉన్నది దాదాపు 280 మిల్లీలీటర్లు. తర్వాతి స్కాన్లలో అరవై, డెబ్బై. అంటే మేం గీసిన ప్లాన్ ఒక మనిషికి, రోజూ బల్ల మీద పడుకుంటున్నది ఇంకో మనిషికి అన్నట్టయింది.

టెక్నాలజిస్ట్ ఆమెకు రెండుసార్లు చెప్పాడట, నీళ్లు తాగి రమ్మని. ఆమె తలూపింది. ఎందుకు తాగలేదో ఎవరూ అడగలేదు. వార్డులో నేను అడిగాను.

“పొద్దున ఆరుకి ఆవుల పాలు పిండి డైరీకి పోసి బయల్దేరితే ఆటో, ఆటో దిగితే బస్సు. గంటన్నర సార్. దోవలో ఆడోళ్లకి యాడుంది జాగా? రాత్రి నుంచే నీళ్లు తగ్గిచ్చేస్తా. దిగినాక తాగదామంటే, మీరు పదికే పేరు పిలుస్తారు కదా.”

ఇంతే విషయం. ప్లానింగ్ రోజు ఆమె మధ్యాహ్నం వచ్చింది, వెయిటింగ్ హాల్లో రెండు గంటలు కూర్చుంది, తీరిగ్గా నీళ్లు తాగింది. ఆ ఒక్కరోజు కొలతతో మేం మూడు వారాలకు పైగా నడిపించాం.

ఆ తర్వాత ఆమె టైమ్ పన్నెండుకు మార్చాం. వచ్చీరాగానే బాత్‌రూమ్‌కి వెళ్లి, ఒక అర లీటరు సీసా మా ఎదురుగానే తాగి, ముప్పావుగంట కూర్చుని అప్పుడు లోపలికి. రోజూ బల్ల మీద స్కాన్ తీసి, సంచి నిండిందని చూశాకే మిషన్ ఆన్ చేయడం. ఇందులో కొత్త టెక్నాలజీ ఏదీ లేదు. సీసా పదిహేను రూపాయలు. క్రియాటినిన్ దిగివచ్చాక కాపెసిటబిన్ ముప్పావు డోసుతో మళ్లీ మొదలుపెట్టాం. మిగతా రోజుల్లో విరేచనాలు రోజుకు ఏడెనిమిది దాటలేదు.

తిరుపతిలోనే కొర్లగుంటలో వాళ్ల అక్క ఉంది. అక్కడే ఉండిపోవచ్చు కదా అంటే ఆమె నవ్వింది. “రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషి ఒకరింట్లో ఉండగలదా సార్?” మేం అది కూడా ఆలోచించలేదు.

చర్మం సంగతి క్లుప్తంగా. నాలుగో వారానికి పిరుదుల మధ్య మడతలో ఎర్రబడి, తర్వాత తడితడిగా పొర ఊడింది. ఎవరో చెప్పారని పసుపు, కొబ్బరినూనె రాసుకుంది. మడతల్లో నూనె పట్టి ఉంటే గాలి ఆడదు, పుండు నానుతుంది. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవడం, మెత్తటి కాటన్ బట్ట, సిల్వర్ సల్ఫాడయజీన్ ఆయింట్‌మెంట్ రాసి పొద్దున రేడియేషన్‌కు ముందు కడిగేయడం. అయిపోయిన మూడు వారాలకు మానింది.

ఐదున్నర వారాల్లో అయిపోవాల్సిన కోర్సు ఆరున్నర వారాలు పట్టింది.

ఆపరేషన్, ఆరో రోజు జ్వరం

తొమ్మిది వారాలు ఆగాం. గడ్డ తగ్గడం రేడియేషన్ ఆగాక కూడా సాగుతుంది, వాపు దిగడానికీ సమయం కావాలి. కొత్త ఎమ్మారైలో గడ్డ సగానికి పైగా తగ్గింది, పొరకు నాలుగు మిల్లీమీటర్ల ఎడం వచ్చింది. అందరం సంతోషించాం. ఆ సంతోషంలో నేను ఒక కాగితం మీద తగినంత సేపు ఆగలేదు: రక్తంలోని ప్రోటీన్, ఆల్బ్యుమిన్, 3.0. విరేచనాల్లో పోయిన ఒంటి బలం ఇంకా రాలేదు. బరువు 41 కిలోలు. రెండు మూడు వారాలు తిండి పెట్టి ఆగినా గడ్డ ఎక్కడికీ పోయేది కాదు. ఆపరేషన్ డేట్ ఇచ్చేశాం, ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చేసింది, కొడుకు సెలవు పెట్టాడు. ఇలాంటి కారణాలతో డేట్లు నడుస్తుంటాయి. నేను నడవనిచ్చాను.

లోపల ఎలా ఉందో చెప్పాలి. రేడియేషన్ తగలని కటిలో ఆ పొర బయట ఒక తెల్లని సాలెగూడులాంటి సందు కనపడుతుంది. చేత్తో కొంచెం లాగి పట్టుకుంటే తనంతట తానే తెరుచుకుంటుంది. రేడియేషన్ అయినవాళ్లలో అది నీళ్లు పీల్చిన అట్టలా ఉంటుంది. ఎక్కడ ముట్టుకున్నా చెమర్చినట్టు నీరు. వెనకవైపు పర్వాలేదు గానీ ముందువైపు, యోని గోడ దగ్గర, ఏది పొరో ఏది మచ్చకట్టిన కణజాలమో తేల్చుకోవడానికి నాకు గంట పట్టింది. గడ్డతో సహా మొత్తం తీసి, పెద్దపేగును దించి, మలద్వారానికి మూడు సెంటీమీటర్ల పైన స్టేప్లర్‌తో అతికించాం. గాలి పంపి చూస్తే బుడగ రాలేదు. అతుకు మానేదాకా కాపుగా చిన్నపేగును బయటికి తెచ్చి సంచి పెట్టాం.

ఆరో రోజు జ్వరం. నాడి 118. కడుపు మెత్తగానే ఉంది, కానీ “కూసుంటే ముడ్డిపూస దగ్గర పోటు” అంది. ఆ మాట వింటే ఏ పేగుల సర్జన్‌కైనా గుండె జారుతుంది. సీటీలో అతుకు వెనక, త్రికాస్థి (నడుం కింది ఎముక) ముందు, ఆరు సెంటీమీటర్ల చీము గుంట. అతుకు వెనకవైపు వదులైంది.

పైన సంచి ఉండబట్టి మలం కడుపులోకి రాలేదు, ప్రాణం మీదికి రాలేదు. పిరుదు వైపు నుంచి సీటీ చూసుకుంటూ పైపు వేసి చీము తీయించాం. పది రోజులు యాంటీబయాటిక్స్. జ్వరం తగ్గింది. కానీ గుంట మూసుకోలేదు. మూడు నెలలకు కింది నుంచి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే నాలుగు సెంటీమీటర్ల సన్నటి సొరంగం. ఆరు నెలలకు రెండు. మామూలు ఒంట్లో ఇలాంటి గుంటను చుట్టూ ఉన్న కణజాలం వచ్చి నింపేస్తుంది. రేడియేషన్ పడ్డ చోట చిన్న రక్తనాళాలు సన్నబడిపోతాయి, రక్తం సరిగా అందదు, గోడలు గట్టిపడతాయి. పూడ్చడానికి మనిషి రాని గొయ్యిలా అలాగే ఉండిపోతుంది. మూడు నెలలన్న సంచి పది నెలలు ఉంది.

ఈ అతుకు వదులవడానికి రేడియేషనే కారణమా? నిజాయితీగా చెప్పాలంటే ఆ నేరం మొత్తం దాని మీద వేయలేను. డచ్‌వాళ్ల పెద్ద పరీక్షలో, ఐదు రోజుల రేడియేషన్ ఇచ్చాక చేసిన ఆపరేషన్లలో, మలద్వారం తీసేసినవాళ్లకు కింది పుండు మానకపోవడం ఎక్కువగా కనపడింది, అతుకు వదులవడం మాత్రం పెరగలేదు. అతుకు ఎంత కిందికి ఉంటే అంత ప్రమాదం. ఈమెది చాలా కింద. రక్తహీనత ఉంది, ఆల్బ్యుమిన్ తక్కువ. ఆ ఆల్బ్యుమిన్ ఎందుకు తగ్గిందంటే మళ్లీ విరేచనాలకే, విరేచనాలు ఎందుకంటే ఖాళీ మూత్రసంచికే వెళ్తాం. అతుకు వదులవడంలో రేడియేషన్ వాటా ఎంతో నాకు తెలియదు. వదులయ్యాక పది నెలలు మానకపోవడంలో మాత్రం దాని వాటా పెద్దది.

పాథాలజీ రిపోర్టు బాగా వచ్చింది. గడ్డ కండపొర వరకే మిగిలింది, తీసిన తొమ్మిది గ్రంథుల్లో ఎక్కడా కేన్సర్ లేదు, అంచులు శుభ్రం. ఆపరేషన్ తర్వాత ఇవ్వాలనుకున్న కీమో చీము గొడవలో వెనక్కి పోతూ పోతూ చివరికి మానేశాం.

సంచి ఉన్న పది నెలల గురించి ఎక్కువ రాయను. ఏప్రిల్, మే నెలల్లో మా ఎండలు తెలిసినవే. చిన్నపేగు సంచిలో నీళ్లతోపాటు ఉప్పు పోతుంది, ఒట్టి నీళ్లు ఎన్ని తాగినా సరిపోదు. ఒకసారి మళ్లీ క్రియాటినిన్ పెరిగి రెండు రోజులు సెలైన్ పెట్టాల్సొచ్చింది.

నడుం కాదు, త్రికాస్థి

సంచి లోపలికి వేసిన కొన్ని నెలలకు, రేడియేషన్ అయి ఏడాదిన్నరకు, పిరుదుల దగ్గర నొప్పి మొదలైంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఆవు కింద కూర్చుంటే లేవలేకపోతోంది. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్లు రెండు. తర్వాత ఎవరో బయట సీటీ రాశారు. రిపోర్టులో త్రికాస్థి రెండు పక్కలా ఎముక గట్టిపడింది, కేన్సర్ ఎముకకు పాకిందేమో చూడాలని ఉంది.

ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా వచ్చింది. కూతురు బయట బెంచీ మీద ఏడుస్తోంది. రాయవేలూరు పెద్దాసుపత్రికి పోదామని ఒకరు, ఎముకకు మళ్లీ కరెంటు పెట్టిస్తే నొప్పి తగ్గుతుందట అని ఇంకొకరు. భర్త మాత్రం ఏమీ మాట్లాడలేదు, కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు.

సీఈఏ 1.9. ఒకే ఎముకలో, రెండు పక్కలా సమానంగా, సరిగ్గా కిరణాలు పడ్డ హద్దులోనే ఉంది. ఎముకకు పాకిన కేన్సర్ ఇంత పద్ధతిగా ఉండదు. ఎమ్మారై తీయించాం. రెండు పక్కలా వాపు, మధ్యలో సన్నటి విరుగు గీత. బోన్ స్కాన్‌లో ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో మెరిసింది. పుస్తకాల్లో చూపించే బొమ్మలాగే. ఇది దెబ్బ లేకుండా, ఒంటి బరువుకే బలహీనపడ్డ త్రికాస్థి విరగడం. కటి రేడియేషన్ తర్వాత ఆడవాళ్లలో, నెలసరి ఆగిపోయినవాళ్లలో ఎక్కువ. అక్కడ సూది గుచ్చి ముక్క తీసినా, మళ్లీ రేడియేషన్ ఇచ్చినా ఆ ఎముకకు ఇంకో దెబ్బే.

ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 3.1, విటమిన్ డి 11. యాభై కూడా నిండని మనిషికి. అప్పుడు అడిగాను, నెలసరి ఎప్పుడు ఆగిందని.

“కరెంటు పెట్టిన రెండో నెలకే ఆగిపాయ సార్. పోతే పోనీలే, మంచిదే అనుకున్యా.”

కటికి 45 గ్రే పడితే అండాశయాలు మిగలవు. నలభై దాటినవాళ్లలో అందులో ఏడో వంతుకు కూడా అవి ఆగిపోతాయి. ఇది మాకు ప్లాన్ గీసేరోజే తెలుసు. నేను ఆమె సమ్మతి పత్రం తీసి చూశాను. జిరాక్స్‌కు జిరాక్స్ తీసి అక్షరాలు అరిగిపోయిన తెలుగు కాగితం. పదకొండో లైనులో ‘పునరుత్పత్తి అవయవాలపై ప్రభావం ఉండవచ్చు’ అని ఉంది. కింద ఆమె గుండ్రటి సంతకం. చదివారా అని అడిగితే చదివానంది. “అది ఇంకా పిల్లోళ్లు కావల్సినోళ్లకి గదా సార్.”

ఆ లైను తప్పు కాదు. దాంతో ఏమీ తెలియదు, అంతే. నెలసరి ఆగుతుంది, ఒళ్లు వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి, యోని పొడిబారి ఇరుకవుతుంది. ఈ మాటలు అక్కడ లేవు, మా నోట్లోనూ లేవు. చివరిది నేను కాదు, సంచి సంగతి చూసే స్టోమా నర్సు అడిగి కనుక్కుంది. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, సంచి గురించి మాట్లాడుతున్నట్టుగా. “మా ఇంటాయన ఏం అనడు, కానీ...” అని ఆగిపోయిందట. రేడియేషన్ అయిన కొద్ది వారాలకే యోని ఇరుకవకుండా లోపల పెట్టుకునే గొట్టం, డైలేటర్, వాడటం నేర్పి ఉంటే అంత ఇరుకయ్యేది కాదు. ఏడాదిన్నర తర్వాత మొదలుపెడితే కొంతవరకే సాగింది.

విటమిన్ డి సరిచేసి, పళ్లు చూపించి, ఎముకలకు బలమిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికి ఒకసారి. కాల్షియం. చేతికర్ర. గైనకాలజిస్ట్‌తో మాట్లాడి హార్మోన్ మాత్రలు. రెక్టమ్ కేన్సర్‌లో అవి ఇవ్వకూడదనే నియమం లేదు, కేన్సర్ అనగానే భయపడి ఆపేస్తుంటారు. నాలుగు నెలలకు నొప్పి బాగా తగ్గింది.

మళ్లీ అలాంటి పేషెంటు వస్తే

ఇప్పుడైతే ఈమెకు రేడియేషనే తప్పేదా? 2023లో అమెరికాలో ప్రకటించిన ప్రాస్పెక్ట్ పరీక్షలో ముందు కీమో ఇచ్చి, బాగా తగ్గినవాళ్లకు రేడియేషన్ మానేసినా ఫలితాలు తగ్గలేదు. కానీ అందులో గడ్డ ఆ పొరకు దూరంగా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఈమె అందులోకి రాదు. ఐదు రోజుల్లో 25 గ్రే ఇచ్చి తర్వాత కీమో ఇచ్చే పద్ధతి ఉంది. 28 సార్లు బస్సెక్కే మనిషికి ఐదుసార్లంటే ఎంత తేడానో చెప్పక్కర్లేదు. అయితే రాపిడో పరీక్షలో ఐదేళ్లకు చూస్తే ఆ పద్ధతిలో కటిలో తిరగబెట్టడం కొంచెం ఎక్కువగానే ఉంది, 10 శాతం, పాత పద్ధతిలో 6. పొరను ముట్టుకుంటున్న గడ్డకు నేను ఇప్పటికీ రెండుసార్లు ఆలోచిస్తాను. కాబట్టి ఈమెకు రేడియేషన్ ఇవ్వడం తప్పని నేననను.

మారింది మిగతాది. ప్లానింగ్ స్కాన్‌కు ముందు మా నర్సు ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న ‘ఎలా వస్తారు, ఎంతసేపు పడుతుంది’ అని. దూరం నుంచి వచ్చేవాళ్ల టైములు పదకొండు తర్వాతే. కాపెసిటబిన్ డబ్బా మీద తెలుగులో పెద్దక్షరాలతో చీటీ అంటిస్తున్నాం: మామూలుగా వెళ్లేదాని కంటే నాలుగుసార్లు ఎక్కువైతే మాత్ర ఆపి ఫోన్ చేయండి. సమ్మతి పత్రంలో ఆ పదకొండో లైను ఇప్పుడు ఆరు లైన్లయింది, నెలసరి ఉన్న ఆడవాళ్లకు అది చదివి వినిపించేది లేడీ డాక్టర్. మగవాళ్ల సంగతి కూడా అందులో చేర్చాలని నాలుగు నెలలుగా అనుకుంటున్నాం, ఇంకా చేర్చలేదు.

ఆమె సంచి తీసేశాక మొదటి నెల రోజుకు పన్నెండు, పదమూడు సార్లు. ఒకసారి వెళ్తే గంటలో నాలుగుసార్లు, ఆపుకోవడం కష్టం. రెక్టమ్ అంటే నిలవ ఉంచుకునే తొట్టి. అది తీసేశాం, మిగిలిన దాన్ని రేడియేషన్ గట్టిపరిచింది. ఈ ఇబ్బందిని కొలిచే ప్రశ్నాపత్రంలో 42కి ఆమెకు 36 వచ్చాయి. 30, ఆ పైన వస్తే తీవ్రం. భోజనానికి అరగంట ముందు లోపెరమైడ్, ఇసబ్గోలు, కటి కండరాల వ్యాయామాలు, పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లతో ఎనిమా. ఊరుబిండి, గొడ్డుకారం మానేసింది. సంగటి మాత్రం మానలేనంది, మానక్కర్లేదన్నాను.

మొన్న చెకప్‌కు వచ్చింది. రేడియేషన్ అయి మూడేళ్లు. సీఈఏ 2.1, స్కాన్ బాగుంది. రోజుకు ఐదారు సార్లు. చేతికర్ర లేదు. కూతురి పెళ్లి ఫోటోలు ఫోన్‌లో చూపించింది. ముహూర్తం తెల్లవారుజామున ఐదుకు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట, నీళ్లు కూడా గొంతు తడుపుకునేటంతే. లోపెరమైడ్ రెండు వేసుకుని, చీర కింద ప్యాడ్ పెట్టుకుని పీటల మీద కూర్చుందట.

“రెండు గంటలు సార్. లెయ్యలా.”